కొందాంలే అనుకున్న ఏడాది

ఆయన గాజు కోసే మనిషి. కిటికీలకు, తలుపులకు, దుకాణాల షోకేసులకు అద్దాలు కోసి బిగించే కొట్టులో మీసాలు సరిగ్గా రాని వయసులో చేరాడు. ఇప్పుడు ఆ మీసాల్లో నెరుపు కనిపిస్తోంది. గాజుతో వచ్చిన చిక్కల్లా ఒకటే. గీత పడ్డాక వెనక్కి తీసుకోవడం కుదరదు. చెక్కయితే అతుకు వేసుకోవచ్చు, బట్టయితే కుట్టు విప్పుకోవచ్చు. గాజు అలా కాదు. అందుకే ఆయన బల్ల మీద పలక పరిచి, కొలిచి, మళ్ళీ కొలిచి, టీ తాగొచ్చి ఇంకోసారి కొలిచి, అప్పుడు వజ్రం మొన ఉన్న కలం అందుకునేవాడు. కొట్టు యజమానికి ఈ తీరు ఎంతో నచ్చేది. "నీ చేతిలో పలక వృథా పోగా నేను చూడలేదయ్యా" అని నలుగురిలో అంటుంటే ఆయన తల వంచుకుని అంచులు నున్నగా రుద్దుకునేవాడు.

కొట్టులో మంచి గుణం అనిపించుకున్నదే ఇంట్లో ప్రాణాలు తీసేది. పళ్ళు తోముకునే బ్రష్షు కొనాలన్నా నాలుగు కొట్లు తిరిగేవాడు. కిటికీ తెరల రంగు తేల్చేలోపు పాత తెరలు పీలికలై వాటంతట అవే ఊడిపోయాయి. "నన్ను మాత్రం చూసిన రోజే ఎలా ఒప్పుకున్నారో నాకిప్పటికీ అంతుపట్టదు. ఆ రోజు మీకు జ్వరం వచ్చుంటుంది" అని నవ్వేది భార్య.

ఆయన చెల్లెలు దీనికి పూర్తిగా విరుద్ధం. వయసులో బాగా చిన్నది, మాటలో, నడకలో, నిర్ణయంలో పిడుగు. నచ్చితే కొనేస్తుంది, నచ్చకపోతే ఎవరికో ఇచ్చేస్తుంది, ఆ తర్వాత దాని ఊసెత్తదు. ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం. ఉద్యోగానికి ముందు శిక్షణ కోసం అన్నయ్య ఊరికి వచ్చి కొన్నాళ్ళు వాళ్ళింట్లోనే ఉంది. వాళ్ళింట్లో ఆటల కంప్యూటర్ పుట్టింది అప్పుడే.

సామాన్లు ఒక్కొక్కటీ కొని తెచ్చి ముందుగది నేల మీద పరుచుకుని ఇద్దరూ కూర్చుని బిగించారు. చెల్లెలు స్క్రూడ్రైవర్ పట్టుకుంటే, అన్నయ్య పక్కన కాగితం చూస్తూ "ఆగు, ఆగు, అది అక్కడ కాదేమో" అంటూ ఉండేవాడు. క్యాబినెట్‌కు ఒక పక్క రేకు సొట్టపోయి వస్తే, దాన్ని పడేసి ఆ కొలతకు తనే గాజు పలక కోసి అమర్చాడు. లోపల తిరిగే ఫ్యాన్లు, వెలిగే దీపాలు బయటికి కనిపిస్తుంటే భార్య కూడా చేతిలో పని వదిలేసి వచ్చి చూసింది.

వాళ్ళు ఆడేది ఒకటే ఆట. సముద్రం మధ్య ఒక కోట. దానికి ఇద్దరే కాపలా. శత్రువులు పడవల్లో వచ్చి గోడలెక్కుతుంటారు. అందులో తిరకాసేమిటంటే, ఎవరికి వాళ్ళకు ముందు వైపే కనిపిస్తుంది. వీపు వెనక ఎవడు వస్తున్నాడో తోడున్నవాళ్ళు చెప్పాల్సిందే. చెల్లెలు తనకు పిడుగు అని పేరు పెట్టుకుని, ఆయనకు కొలబద్ద అని పెట్టింది.

ఉద్యోగం వచ్చి చెల్లెలు వేరే ఊరికి వెళ్ళిపోయాక కూడా ఆట ఆగలేదు. అక్కడ తనొకటి కొనుక్కుంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరూ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చునేవాళ్ళు. "నీ వెనక! నీ వెనకే!" అని ఆయన పెట్టే కేకలకు పక్కింటావిడ ఒకసారి తలుపు తట్టి, "అంతా బాగానే ఉందా అమ్మా? ఆయన ఎవరి మీదో అరుస్తున్నారు" అని అడిగింది. "సముద్రపు దొంగల మీద లెండి" అని చెప్పి పంపింది భార్య.

నిజానికి ఆట ఒక సాకు. ఫోన్లో ఆ అన్నాచెల్లెళ్ళిద్దరూ పరమ మొద్దులు. తిన్నావా, తిన్నాను, ఒంట్లో బాగుందా, బాగుంది, సరే ఉంటా మరి. అంతటితో సరి. అదే కోటగోడ మీద నిలబడితే మాటలు వాటంతట అవే దొర్లేవి. తను పెళ్ళి చేసుకోదలుచుకోలేదని చెల్లెలు మొదట చెప్పింది అక్కడే, ఇద్దరు దొంగల్ని నీళ్ళలోకి తోస్తూ. కొట్టులో కుర్ర పనివాళ్ళు వచ్చాక తన చేతివేగం తగ్గినట్టు అనిపిస్తోందని ఆయన మొదట పైకి అన్నదీ అక్కడే. చేతులు పనిలో ఉంటాయి, ముఖాలు కనబడవు, అనేసిన మాట మీద ఎవరూ ఆగి గుచ్చి అడగరు. ఆదివారం అయిపోయేసరికి ఇద్దరికీ ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టుండేది.

చెల్లెలికి ఎడమ చెవి చిన్నప్పుడే పోయింది. జ్వరం వచ్చి, చీము పట్టి, దానికి వినికిడి పోయింది. ఇంట్లో అందరికీ అలవాటే కనుక ఎవరూ దాన్నొక లోపంగా చూడలేదు. ఆమెతో నడిచేటప్పుడు కుడివైపు నడవాలి, అంతే. కుడి చెవి చక్కగా పనిచేసేది. హెడ్‌ఫోన్లో అన్నయ్య గొంతు వచ్చేది ఆ చెవిలోకే.

ఇలా ఏళ్ళు గడిచాక ఆ ఆట చేసిన కంపెనీ వాళ్ళు పాతదాన్ని మూసేస్తున్నాం, కొత్తది తెస్తున్నాం అని ప్రకటించారు. కొత్తది అద్భుతంగా ఉంది. అలలు నిజం అలల్లా లేస్తున్నాయి. కానీ అది ఆయన పాత కంప్యూటర్ మీద తెరుచుకుని, మొదటి పడవ కనబడగానే ఊపిరాడనట్టు బిగుసుకుపోయింది. ఫ్యాన్లు పెట్టిన రొదకు గాజు పలక కూడా గజగజలాడింది.

చెల్లెలు ఆ వారంలోనే కొత్త గ్రాఫిక్స్ కార్డు వేయించుకుంది. "అన్నయ్యా, నేను కోటలో కూర్చున్నా. ఒంటరిగా ఉన్నా. త్వరగా రా" అని ఫోన్ చేసింది.

"వస్తా, వస్తా. ఈ వారం చూస్తా" అన్నాడు ఆయన.

చూడ్డానికైతే ఆ వారమే డబ్బా పట్టుకుని వెళ్ళాడు. బజారులో కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన ఉన్నాడు. బట్టతల, మెడలో కళ్ళజోడు, మాటకు ముందు నవ్వు. ఆయన గాజు పలకలోంచి లోపలికి తొంగి చూసి, "ఈ పలక ఎవరు కోశారు సార్? అంచు ఎంత బాగుందో" అన్నాడు. తర్వాత గడ్డం గీరుకున్నాడు. "కార్డు ఒక్కటే మారిస్తే లాభం లేదు సార్. దీని పవర్ సప్లై దాన్ని మోయలేదు. అది మారిస్తే ఈ ప్రాసెసర్ వెనకబడుతుంది. ప్రాసెసర్ మారిస్తే ఈ మదర్‌బోర్డులో కూర్చోదు."

"అంటే, బొత్తాం ఊడిందని వస్తే చొక్కా మొత్తం కుట్టించుకోమంటారా?"

"చొక్కా బాగా నలిగిపోయింది కదా సార్" అని నవ్వాడు బట్టతలాయన. "లేదంటే కార్డూ పవర్ సప్లై మాత్రం మార్చుకోండి. నడుస్తుంది. అలలు కాస్త తక్కువ లేస్తాయి. అంతే."

ఆ 'అంతే' అన్న మాట దగ్గరే ఆయన ఇరుక్కుపోయాడు. కొంచెం మార్చాలా, మొత్తం మార్చాలా? కొంచెం మారిస్తే రేపు మళ్ళీ మార్చాల్సొస్తే? మొత్తం మారిస్తే, చెల్లెలూ తనూ కూర్చుని బిగించిన దాంట్లో మిగిలేదేముంది, డబ్బా తప్ప? ఇంటికొచ్చి వీడియోలు చూడ్డం మొదలుపెట్టాడు. ఒకడు ఈ కార్డును మించింది లేదంటాడు. ఇంకొకడు దాన్ని కొన్నవాడి మొహం చూడాలంటాడు. మూడోవాడు కొద్ది నెలల్లో కొత్తవి వస్తున్నాయి, ఇప్పుడు కొనేవాళ్ళు తొందరపడ్డట్టే అంటాడు. ఆ మూడోవాడి మాట ఆయనకు తేనెలా తోచింది.

"డబ్బు గురించైతే ఆలోచించకండి. దానికోసం దాచిందే కదా" అంది భార్య.

"డబ్బు కాదు. కొన్నాక అయ్యో అనుకోకూడదు కదా."

"కొనకపోతే అనుకోరా?"

ఆ మాట ఆయన విన్నాడు కానీ బుర్రకెక్కించుకోలేదు.

మొదట్లో చెల్లెలు ప్రతి ఆదివారం ఆటపట్టించేది. "ఏమయ్యా కొలబద్దా, కొలవడం అయిందా?" అనేది. "కొత్తవి వచ్చే దాకా ఆగుతున్నా" అంటే, "అవి వచ్చాక వాటికంటే కొత్తవి వస్తాయిగా. వాటిక్కూడా ఆగు" అనేది. ఆ తర్వాత ఒకసారి ఫోన్ చేసినప్పుడు అడుగడుక్కీ "ఏంటీ? ఏమన్నావ్?" అంటూనే ఉంది. సిగ్నల్ సరిగ్గా లేదనుకుని ఆయన వరండాలోకి వచ్చి, గొంతు పెంచి, రెండు ప్రాసెసర్ల మధ్య తేడా అంతా వివరించాడు.

"అన్నయ్యా, ఏదో ఒకటి కొనెయ్యి. బాగా లేకపోతే నన్ను తిట్టు" అంది చివరికి. "ఊరికే కూర్చుని మాట్లాడుకుందాం. ఆట ఎలా ఉంటే ఏం?"

"అదే కదా, ఎలాగూ కొంటున్నాం, మంచిది చూసుకుంటే పోలా?" అన్నాడు.

"సరే. నీ ఇష్టం."

ఆమె గొంతులో ఏదో తేడా ఉంది. ఆయన గమనించాడు కూడా. అలిగిందనుకున్నాడు. ఇంత వయసొచ్చి ఆటకోసం అలకేమిటని లోపల కాస్త నవ్వుకున్నాడు.

తర్వాత తర్వాత ఆమె ఫోన్లు చేయడం మానేసింది. ఏది చెప్పాలన్నా మెసేజీలే. ఈయన చేస్తే ఎత్తేది కాదు, కాసేపటికి 'పనిలో ఉన్నా, మెసేజ్ పెట్టు' అని వచ్చేది. ఆయన ఉడుక్కున్నాడు. "చూశావా, ఎంత పంతమో. కొని చూపిస్తా, అప్పుడు చెబుతా దాని సంగతి" అని భార్యతో అన్నాడు. అంతా అని మళ్ళీ వీడియోల ముందు కూర్చున్నాడు.

కొత్త కార్డులు వచ్చాయి. వాటి మీద ఫిర్యాదులు వచ్చాయి. అవి సర్దుకునే దాకా ఆగాడు. అటూ ఇటూగా ఏడాది తిరిగింది. చివరికి భార్యే ఒకరోజు పాత డబ్బాను ఆటోలో పెట్టించి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టి బజారుకు తీసుకెళ్ళింది. "ఈయన్ని ఏమీ అడక్కండి. మీకు మంచిదనిపించింది వేసెయ్యండి" అని బట్టతలాయనతో చెప్పి, తను బయట కుర్చీ వేసుకుని కూర్చుంది.

అలా తేలింది ఆ వ్యవహారం. లోపలి సామానంతా కొత్తది. పైన గాజు పలక మాత్రం పాతది. మంచి హెడ్‌ఫోన్లు కూడా తీసుకున్నాడు. ఇంటికొచ్చి ఆట పెట్టగానే సముద్రం కళ్ళముందు పొంగింది. ఇంత దానికా ఇన్నాళ్ళు నాన్చాను అనుకుంటూ చెల్లెలికి మెసేజ్ పెట్టాడు. 'వచ్చేశా. కోట తలుపు తియ్యి.'

'చాలా సంతోషం అన్నయ్యా. ఈ వారం కుదరదు' అని వచ్చింది.

పై వారమూ కుదరలేదు. ఆ తర్వాత వారం వచ్చింది గానీ మైకు పెట్టలేదు, రాతలోనే మాట్లాడతానంది. ఆయన రెండు వేళ్ళతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేసేలోపు దొంగలు గోడెక్కేశారు. పిడుగు వెనకనుంచి ఒకడు కత్తి ఎత్తడం చూసి ఆయన టైపు చేయడం వదిలేసి, "నీ వెనక! చెల్లీ, నీ వెనక!" అని మైకులో అరిచాడు. ఆమె తిరగలేదు. మళ్ళీ అరిచాడు. ఆమె ముందుకే చూస్తూ నిలబడి ఉంది. కత్తి దిగింది. తెర ఎర్రబడింది.

ఆయనకు ఒళ్ళు మండింది. తన గొంతు వినకూడదని కావాలనే ఆపేసుకుందనుకున్నాడు. ఫోన్ చేశాడు. ఎత్తలేదు. "ఇక నేనే వెళ్ళి అడుగుతా" అని మర్నాడు పొద్దున కొట్టుకు సెలవు చెప్పి బస్సెక్కాడు. దారి పొడుగునా ఏమేం అనాలో మనసులో పేర్చుకుంటూనే ఉన్నాడు.

చెల్లెలి ఇల్లు మూడో అంతస్తులో చిన్న వాటా. గంట నొక్కితే లోపల గంట మోగలేదు. తలుపు పక్క కిటికీలోంచి ఒక దీపం టపటపా ఆరి వెలగడం కనిపించింది. ఆయన మళ్ళీ నొక్కాడు. మళ్ళీ దీపం. గంట వినబడనివాళ్ళకు పెట్టే దీపం అదని అప్పుడు ఆయనకు తట్టింది. పేర్చుకొచ్చిన మాటలన్నీ చెదిరిపోయాయి.

తలుపు తీసిన చెల్లెలు అన్నయ్యను చూసి ముందు మొహమంతా వికసించి, వెంటనే దొరికిపోయిన దానిలా నవ్వింది. కుడి చెవి వెనక చిన్న మిషను ఉంది. లోపలికి తీసుకెళ్ళి, వెలుతురు ఆయన మొహం మీద పడేలా కుర్చీ తిప్పి కూర్చోబెట్టింది. ఎదురుగా కూర్చుని ఆయన కళ్ళకేసి కాకుండా పెదాలకేసి చూస్తోంది.

"ఎప్పటినుంచి?" అన్నాడు. ఆమె అర్థం కాలేదన్నట్టు తల ఊపితే మళ్ళీ అన్నాడు, నెమ్మదిగా.

"నువ్వు కార్డులు చూడ్డం మొదలుపెట్టాక, కొన్నాళ్ళకి" అంది. "మొదట బయటి గోలలో వినబడేది కాదు. తర్వాత ఫోన్లో. చప్పుడు వస్తుంది, మాట మాత్రం ముద్దముద్దగా వస్తుంది. ఈ మిషను పెట్టుకుంటే ముద్ద ఇంకా పెద్దదవుతుంది. అంతే."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబుదామనే అనుకున్నా. ఆటలో కూర్చున్నప్పుడు, నీతో మెల్లగా. ఫోన్లో చెబితే నువ్వు ఏడుస్తావు, నాకు వినబడదు. ఏం లాభం?" నవ్వబోయింది, నవ్వు మధ్యలో ఆగిపోయింది. "హెడ్‌ఫోన్లో గట్టిగా పెట్టుకుంటే అప్పట్లో నీ మాట ఇంకా తెలిసుండేది అన్నయ్యా. వేరేవాళ్ళవి తెలిసేవి కావు. నీ గొంతు నాకు కంఠతా వచ్చు కదా. సగం వినిపిస్తే మిగతా సగం నేను నింపుకునేదాన్ని."

'ఏదో ఒకటి కొనెయ్యి, ఊరికే కూర్చుని మాట్లాడుకుందాం' అన్న మాట ఇప్పుడు చెవిలో గింగురుమంది. వరండాలో నిలబడి ప్రాసెసర్ల గురించి అరిచిన అరుపు కూడా. ఆ రోజు తను చెప్పిందాంట్లో ఆమెకు ఒక్క ముక్క తెలిసుండదు. అయినా వింటూ నిలబడింది.

"నాదే తప్పు" అన్నాడు.

"నీ తప్పు వల్ల చెవి పోలేదు. పోయేది ఎలాగూ పోయేదే." ఆమె ఆయన చేతి మీద చెయ్యి వేసింది. "కానీ అప్పుడు రావాల్సింది అన్నయ్యా. అది మాత్రం నిజం. ఆ ఆదివారాలు నాకు చాలా కష్టమయ్యాయి. కోటలో కూర్చునేదాన్ని, నువ్వు వస్తావేమోనని."

ఆమె తిట్టి ఉంటే ఆయన తట్టుకునేవాడు. ఈ మాట తట్టుకోలేకపోయాడు. తల దించుకుంటే ఆమె గడ్డం పట్టుకుని పైకెత్తింది. "మొహం దించకు. దించితే నువ్వేమంటున్నావో తెలియదు."

చెవి లోపల ఒక పరికరం అమర్చే ఆపరేషన్ ఉందట. డాక్టర్ చెప్పిన రోజే ఆమె ఒప్పేసుకుని వచ్చింది. "ఇంకో ఇద్దరు డాక్టర్లను అడిగితే..." అని ఆయన నోటిదాకా వచ్చింది. వచ్చినదాన్ని మింగేశాడు. "నేను తోడుంటా. ఎప్పుడో చెప్పు" అన్నాడు.

మాట నిలబెట్టుకున్నాడు. ఆపరేషన్‌కు ఆయన, భార్య ఇద్దరూ వెళ్ళారు. గాయం మానాక పరికరాన్ని మొదటిసారి పనిచేయించే రోజు కూడా ఆయన ఎదురుగానే కూర్చున్నాడు. అక్కడి అమ్మాయి ఏదో నొక్కి, "ఇప్పుడు మాట్లాడండి సార్" అంది. ఏం మాట్లాడాలో తోచక, "ఏమే, నేనే, అన్నయ్యని" అన్నాడు.

చెల్లెలు ఉలిక్కిపడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. భార్య అది సంతోషం అనుకుంది, ఆయనా అలాగే అనుకున్నాడు. చెల్లెలు ఆయన పెదాలకేసి, కళ్ళకేసి మార్చి మార్చి చూసింది.

"ఇది నువ్వేనా?" అంది. "రేకుడబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుంది."

అందరూ నవ్వారు. కొత్తలో అలాగే ఉంటుందని, వినగా వినగా మాటలు విడివిడిగా తెలుస్తాయని, ఇంట్లోవాళ్ళు రోజూ ఏదో ఒకటి చదివి వినిపిస్తే మంచిదని ఆ అమ్మాయి చెప్పింది. ఆ పని ఆయన తీసుకున్నాడు. చెల్లెలు కొన్నాళ్ళు వాళ్ళింట్లోనే ఉంది. సాయంత్రం పని నుంచి వచ్చి, చొక్కాకు అంటిన గాజు పొడి దులుపుకుని, ముందుగదిలో కూర్చుని పేపరు తెరిచేవాడు. వాతావరణం, ధరలు, ఆటల పోటీలు, ఏదైతే అది. ఆమె కళ్ళు మూసుకుని వింటూ, తెలిసిన మాటను తిరిగి పలికేది. మొదట పది మాటల్లో ఒకటి, రానురాను సగం, తర్వాత ఇంకా ఎక్కువ. పని జరుగుతోంది. డాక్టర్లు మెచ్చుకున్నారు.

ఒక సాయంత్రం ఆయన ఒక వార్త చదవడం పూర్తిచేసి తలెత్తేసరికి, ఆమె తిరిగి పలక్కుండా ఊరికే కూర్చుని ఉంది.

"తెలియలేదా? మళ్ళీ చదవనా?"

"తెలిసింది. అన్ని మాటలూ తెలిశాయి" అంది. "నీ పాత గొంతు గుర్తు తెచ్చుకుందామని చూస్తున్నా అన్నయ్యా. ఎంత ప్రయత్నించినా ఇదే వస్తోంది. అది ఎలా ఉండేదో పోతోంది."

ఆయన వంటింటి వైపు చూశాడు. భార్య గుమ్మంలో నిలబడి వింటోంది. గోడ పక్కన కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉంది. కొన్న కొత్తలో తప్ప దాన్ని ఎవరూ పెద్దగా ముట్టుకోలేదు. ఆమె చెవికి తన గొంతు ఎలా ఉండేదో ఆయన చెప్పలేడు. ఎవరి గొంతు వాళ్ళకు ఏం తెలుస్తుంది? అది తెలిసిన మనిషి ఒక్కతే. ఆ ఏడాది ఆదివారాలన్నీ ఆమె కుడి చెవి దాని కోసం తెరిచే ఉంది.

"ఇంకోటి చదువు" అంది చెల్లెలు, కళ్ళు మూసుకుంటూ.

ఆయన పేజీ తిప్పాడు. అక్షరాలు మసకబారితే కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని, పై వరస నుంచి మొదలుపెట్టాడు.